మొటిమల ముఖంతోనే వార్తలు

నాకు మొటిమలు వచ్చాయన్న సంగతిని మా ఇంట్లో చాలాకాలం ఎవరూ ఒప్పుకోలేదు. ముఖం నాది, నొప్పి నాది, అద్దంలో చూసుకుని ఏడ్చేది నేను. అయినా అవి మొటిమలు కావని, సొన పుండ్లని ఇంటిల్లిపాదీ కలిసి తీర్మానించేశారు. మాది బంగారుపాళ్యం పక్కన ఒక పల్లె. మామిడితోట మీద బతికే ఇల్లు. కాయ తొడిమ తుంచగానే చిమ్మే జిగురునే మేము సొన అంటాం. అది ఒంటిమీద పడితే కాలుతుంది, పొక్కుతుంది, మానాక నల్లగా మచ్చ కడుతుంది. అందుకని మా వైపు ఎవరి ముఖం మీద ఏది లేచినా ముందు వచ్చే మాట ఒకటే, సొన కొట్టిందని. నాకేమో తొమ్మిదో తరగతి సెలవుల్లో, సరిగ్గా కాయకోతలప్పుడు, బుగ్గల మీద మొదటి పొక్కులు లేచాయి. ఇంకేం కావాలి వాళ్ళకు?

సొనకు మా దగ్గర మందు నూనె. కోతకొచ్చిన కూలీలు పొద్దున్నే చెట్లకింద కూర్చుని ముఖానికీ చేతులకూ వేరుశనగ నూనె దట్టంగా పట్టించుకుని గాని పనిలోకి దిగరు. నూనె ఉంటే సొన అంటుకోదు, జారిపోతుంది. అందులో అబద్ధమేమీ లేదు, నేనూ కళ్ళారా చూశాను. కానీ అదే నూనెను మొటిమల మీద పులిమితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. మా అమ్మ రోజూ నా స్నానం కాగానే గడప దగ్గర కూర్చోబెట్టి, పసుపు కలిపిన నూనె గిన్నె ఒళ్ళో పెట్టుకుని, దోసె పెనానికి రుద్దినట్టు నా ముఖానికి రుద్దేది. అలాగే బడికి వెళ్ళేదాన్ని. దారిలో దుమ్మంతా నా ముఖం మీదే. పొక్కులు తగ్గలేదు సరికదా, నుదుటి మీదికీ గడ్డం కిందికీ పాకాయి. పాకితే ఏమన్నారనుకున్నారు? నూనె చాలడం లేదన్నారు.

నేను తోటలోకి అడుగే పెట్టడం లేదు కదా, మరి ఇవెలా లేస్తున్నాయని ఒకరోజు అమ్మను నిలదీశాను. తోటకు పోయొచ్చిన మీ నాయన పక్కనే కూర్చుని అన్నం తింటావు, ఆయన చొక్కాకు అంటిన సొన గాలికి నీకు కొడుతోందని జవాబు చెప్పింది. ఇలా మాట్లాడే మనిషితో ఏం వాదిస్తాం? ఆ మాట విన్నాక నాయన పాపం, తోట షెడ్డులోనే చొక్కా మార్చుకుని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

పైగా మామిడిపండు బంద్. పండు వేడి చేస్తుందట, వేడికి పుండ్లు పొంగుతాయట. ఇల్లంతా పండ్ల వాసన. నడవాలో గడ్డి పరిచి పండేసిన బేనీషాలు, అదే బంగినపల్లి కాయలు, వచ్చినవాళ్ళకల్లా కోసి పెట్టే పళ్ళేలు, తమ్ముడి మోచేతుల దాకా కారే రసం. నాకు మాత్రం మజ్జిగ. మామిడితోట ఉన్న ఇంట్లో పుట్టి మామిడిపండుకు మొహం వాచిన పిల్లను నేనొక్కదాన్నే అయి ఉంటాను. కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. తరువాత నడివాకిట్లో, అందరూ చూస్తుండగానే, పెద్ద పండు తీసుకుని తొక్కతో సహా తినేశాను. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ నా ముఖానికి నూనె తప్పింది, అదొక లాభం.

బడిలో నాకు మచ్చకాయ అని పేరు పెట్టారు. మండీలో మచ్చపడ్డ కాయను ఏరి పక్కన పోస్తారు, అందుకని. ఎవరు పెట్టారో నాకు తెలుసు, వాడి జ్యామెట్రీ బాక్సు బావిలో ఉందని వాడికీ తెలుసు. అంతకన్నా ఒళ్ళు మండించింది మా తెలుగు మాస్టారు. ఆయన మంచి మనిషే. నన్ను ఓదార్చాలని క్లాసులో అందరి ముందూ నిలబెట్టి, కాయ మీద మచ్చ ఉన్నా లోపల పండు తియ్యగానే ఉంటుంది కదా అన్నాడు. నేను కాయనూ కాను పండునూ కాను సార్ అని చెప్పి కూర్చున్నాను. నన్ను బాగుచేయాలని వచ్చినవాళ్ళంతా నన్ను దేనితోనో ఒకదానితో పోల్చేవాళ్ళే. ముఖాన్ని ముఖంగా చూసిన మనిషి ఒక్కరూ దొరకలేదు.

అవి మొటిమలేనని మొదట ఒప్పుకున్నది మా మేనత్త. నాయన చెల్లెలు. చిత్తూరు టౌనులో కాపురం ఉండేది కాబట్టి లోకం తెలిసిన మనిషని ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా వచ్చి, నా గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసి, సొన లేదు గిన లేదు, ఇవి మొటిమలని తేల్చేసింది. ఆ ఒక్క మాటకు ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. మళ్ళీ వచ్చేటప్పుడు మందుల షాపు నుంచి ఒక సన్నటి ట్యూబు తెచ్చింది. వాళ్ళ వీధిలో ఆడపిల్లలంతా అదే పూసుకుంటున్నారని, షాపతను చెప్పి మరీ ఇచ్చాడని అంది. డాక్టరు ఎవరూ రాసివ్వలేదు. ఆ రోజుల్లో డాక్టరు రాసివ్వడం ఎందుకు, షాపతనే డాక్టరు.

రాత్రి పూసుకుని పడుకున్నాను. వారం తిరగకుండానే పొక్కులన్నీ అణిగిపోయాయి. అణగడమే కాదు, ముఖం తెల్లబడింది, నున్నబడింది, మెరిసింది. అమ్మ దిష్టి తీసింది. అత్త ఆ నెలంతా మా చుట్టాలిళ్ళన్నిటికీ తిరిగి నా ముఖం గురించి చెప్పుకుంది. నాకూ సంతోషంగానే ఉండేది, లేదని ఎందుకనాలి? బస్సులో కిటికీ పక్కన కూర్చునేదాన్ని. ఎవరైనా నా వైపు చూస్తే తల దించుకునేదాన్ని కాదు. ట్యూబు అయిపోతే అత్త ఇంకొకటి పంపేది, అదయ్యాక ఇంకొకటి.

ఆ మెరిసే ముఖంతోనే డిగ్రీకి చిత్తూరులో చేరాను, ఇంటి నుంచే రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. చేరిన కొన్నాళ్ళకు టౌను కేబుల్ చానల్‌లో, సినిమా అడుగున పరుగెత్తే అక్షరాల్లో, స్థానిక వార్తలు చదవడానికి అమ్మాయి కావాలని వచ్చింది. ఆ చానల్ వార్తలు బంగారుపాళ్యం కేబుల్ ద్వారా మా పల్లెకూ వచ్చేవి. ఇంట్లో అడగకుండా వెళ్ళాను. ఆఫీసంటే సైకిల్ షాపు మిద్దె మీద ఒక గది. గోడకు నీలం గుడ్డ, కిటికీకి దుప్పటి, ఒక బల్ల, ఒక కుర్చీ, స్టాండు మీద ఒక పెద్ద లైటు. పెళ్ళిళ్ళకు వీడియో తీసే అతనే కెమెరామన్. కేబుల్ ఓనరు నా చేత దినపత్రిక ఒక పేజీ చదివించుకుని, రేపటి నుంచి రమ్మన్నాడు.

మధ్యాహ్నం కాలేజీ వదలగానే పోయి వార్తలు చదివేదాన్ని. ఆగకుండా ఒక్క గుక్కలో చదవాలి, తప్పొస్తే దగ్గి సర్దుకోవాలి తప్ప మళ్ళీ మొదటికి వెళ్ళడం ఉండదు. ఎందుకంటే రికార్డు కాగానే క్యాసెట్‌కు కాపీలు తీసి, నాలుగు గంటల బస్సులకు కండక్టర్ల చేతికిచ్చి పలమనేరుకూ బంగారుపాళ్యానికీ పంపాలి. అక్కడి కేబుల్ వాళ్ళు బస్టాండులో అందుకుని సాయంత్రం వేసేవారు. బస్సు తప్పితే ఆ పూట ఆ ఊళ్ళకు వార్తల్లేవు. వార్తలంటే అప్పుడు నీళ్ళే. వరసగా వానల్లేవు. బోర్లు ఎండిపోయాయి. ఏ వీధికి ట్యాంకర్ వచ్చింది, ఏ వీధికి రాలేదు, ఎక్కడ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు, ఇవే.

ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. మా ఇంట్లో నేను నోరు తెరిస్తే గమ్మునుండు అనేవాళ్ళే అందరూ. అక్కడ నేను నోరు తెరిస్తే టౌను టౌనంతా వినేది. అంగట్లో ఉప్పు కొంటుంటే, వార్తలు చదివే పాప కదా అని పలకరించేవారు. నిన్న మా వీధి సంగతి చెప్పినావు, ఈ రోజు ట్యాంకర్ వచ్చిందని ఒక ముసలాయన బస్సులో నాకు సీటిచ్చాడు. అలాంటిది ఒకసారి రుచి చూశాక ఎవరైనా వదులుకుంటారా?

ఎండాకాలం మొదలయ్యేసరికి ముఖం మొరాయించింది. ఎండలోకి వెళ్తే కారం పూసినట్టు మండేది. బుగ్గల మీద ఎర్రటి నరాలు సన్నగా కనబడేవి. ఒక రాత్రి ట్యూబు పూయడం మరిచిపోతే పొద్దునకు మొటిమలు బుసకొట్టుకుంటూ లేచేవి, పూస్తే మళ్ళీ అణిగేవి. అంటే ట్యూబు నాకు పని చేయడం పోయి, నేను ట్యూబుకు పనిచేస్తున్నాను. అత్తనడిగితే ఇంకాస్త ఎక్కువ పూయమంది. నూనె చాలడం లేదన్న పాత పాటే ఇది కూడా అనిపించి, నాయనను బయల్దేరదీసి తిరుపతి పెద్దాసుపత్రికి పోయాను.

చర్మం విభాగంలో లేడీ డాక్టరు. నా ముఖం చూడకముందే ఏం పూస్తున్నావని అడిగింది. ట్యూబు చేతికిచ్చాను. దాని మీది చిన్న అక్షరాలు చదివి, ఎన్నాళ్ళ నుంచని అడిగింది. చెప్పాను. ఆమె నా వైపు కాదు, నాయన వైపు చూసింది. నాయన నేల వైపు చూశాడు.

"ఇది మొటిమల మందు కాదమ్మా. దురదలకు నాలుగు రోజులు పూసి మానేయాల్సిన స్టెరాయిడు. దీనితో నీ చర్మం పలచబడిపోయింది. ఈ రోజుతో ఆపేయాల."

ఆపితే ఏమవుతుందని అడిగాను. దాచకుండా చెప్పింది. అణచిపెట్టినవన్నీ ఒకేసారి లేస్తాయి, ఇంతకు ముందుకన్నా ఎక్కువగా లేస్తాయి, కొన్ని నెలలు అలాగే ఉంటుంది. అప్పుడు భయపడి మళ్ళీ ట్యూబు జోలికి పోతే ఇక ఎప్పటికీ దాని నుంచి బయటపడలేవంది. తాను రాసిచ్చే మందు నెమ్మదిగా పనిచేస్తుందని, మామూలు సబ్బుతో రెండు పూటలా కడుక్కుని పలచగా రాసుకోవాలని, గిల్లకూడదని, ఎండలో గొడుగు పట్టుకోవాలని, నూనె అన్న మాటే ఎత్తకూడదని వరసగా చెప్పింది. ఈ వయసులో చర్మంలో నూనె ఎక్కువ ఊరుతుంది, దారులు మూసుకుపోతాయి, అంతకు మించి ఏమీ లేదట. ఊరే నూనె చాలదని ఇన్నేళ్ళూ మేము పైనుంచి గిన్నెలతో పోశామన్నమాట. కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదని చూపించాలి? చివరగా మామిడిపండు తినొచ్చా అని అడిగాను.

"తినక ఏం చేస్తారమ్మా, మామిడి తోటలోళ్ళు?" అంది.

పండ్ల తోట ఉన్న మనిషి, మా నాయన, తిరుపతి బస్టాండులో బుట్ట ముందు కూర్చుని, బేరం కూడా ఆడకుండా మామిడిపండ్లు కొన్నాడు. బస్సు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని ఇద్దరం తిన్నాం. టెంక కూడా నాకే ఇచ్చాడు.

డాక్టరమ్మ చెప్పినట్టే అయ్యింది. పది రోజుల్లో నా ముఖం నాది కాకుండా పోయింది. బుగ్గలు, గడ్డం, నుదురు, ముక్కు పక్కలు, ఖాళీ లేదు. కొన్ని చీము పట్టాయి, కొన్ని గట్టిగా లోపల్లోపలే సలిపేవి. దిండుకు ముఖం ఆనించలేకపోయేదాన్ని. అమ్మ నన్ను చూసినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అత్తకు కబురు వెళ్ళింది. ఆమె మరుసటి బస్సుకే దిగింది, చేతిలో ట్యూబుతో.

అమ్మా అత్తా చెరొక పక్కా కూర్చుని నా తల తిన్నారు. డాక్టర్లు అలాగే భయపెడతారట. ఈ ఒక్క ట్యూబు పూసుకుంటే వారంలో మామూలవుతుందట, ఆ పైన మెల్లగా మానుకోవచ్చట. ఈ ముఖంతో టీవీలో ఎలా కూర్చుంటావు, ఊరు ఊరంతా చూస్తుందే అని అమ్మ ఏడ్చింది. నాకు తెలియదా? నేను ఆలోచిస్తున్నదీ అదే. ట్యూబు అత్త చేతిలో ఉంది, పూసుకుంటే కుర్చీ నాకు ఉంటుంది, పూసుకోకపోతే ఉండకపోవచ్చు. నిజం చెప్పాలంటే చెయ్యి చాచాను కూడా. మూత తీశాను. ఆ వాసన తగలగానే డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, ఇప్పుడు పూస్తే రేపు పూయాలి, ఎల్లుండి పూయాలి, ముసలిదాన్నయ్యే దాకా పూయాలి అనిపించింది. పెరట్లో నీళ్ళు కాగుతున్నాయి. లేచి వెళ్ళి ఆ పొయ్యిలో పడేశాను. అత్త ఆ రోజు మా ఇంట్లో భోజనం చేయకుండా వెళ్ళిపోయింది.

కేబుల్ ఓనరు నన్ను చూసి, ఎంతో మర్యాదగా, కొన్నాళ్ళు సెలవు తీసుకో పాపా అన్నాడు. వద్దన్నాను. అయితే గొంతు ఒక్కటీ ఇవ్వు, ముఖం బదులు కూరగాయల మార్కెట్టో కోర్టు బిల్డింగో చూపిస్తామన్నాడు. నేను వార్త చదువుతుంటే జనం వంకాయల గుట్టను చూడాలన్నమాట. అదీ వద్దన్నాను. ఆయనకు చిరాకేసింది. చూసేవాళ్ళు ఏమనుకుంటారో ఆలోచించమన్నాడు.

"నేను నా మొగం మీద రాసింది సదవడం లేదు గదన్నా. కాగితం మీద ఉండేదే గదా సదివేది," అన్నాను.

అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. లేవలేదు. మా ఇద్దరి మధ్యా కెమెరామన్ స్టాండు పట్టుకుని నిలబడ్డాడు. లేస్తే ఇక మళ్ళీ కూర్చోనివ్వరని నాకు తెలుసు. గడియారం మూడు దాటింది. బస్సుల వేళవుతోందని కెమెరామన్ గొణిగాడు. ఇంకొకరిని పిలిపించే సమయం లేదు. ఓనరు ఏదో తిట్టుకుంటూ, కానీయండి, రేపు మాట్లాడుకుందామన్నాడు. పెద్ద లైటును మాత్రం తన చేత్తోనే గది మూలకు లాగేశాడు, నా ముఖం కాస్త చీకట్లో ఉండేలా. ఆ చీకట్లోనే చదివాను. మామూలుకన్నా గట్టిగా చదివాను.

మరుసటి రోజు నేను వెళ్ళేసరికి ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. ఓనరు రిసీవరు చెవికి ఆనించుకుని, సరేనండి, చెబుతానండి అంటున్నాడు. పెట్టగానే మళ్ళీ మోగింది. తిట్టడానికి చేశారేమోననుకున్నాను. కాదు. అందరూ మందు చెబుతున్నారు. వేపాకు నూరి పట్టించమని ఒకరు, గంధం అరగదీసి పూయమని ఒకరు, పళ్ళు తోముకునే పేస్టు పూయమని ఒకరు, పెరుగులో శనగపిండని ఒకరు, కోడిగుడ్డు మానేయమని ఒకరు, పెళ్ళయితే అవే పోతాయని ఇంకొకరు. అందరికన్నా ముందు చేసినాయన సొన పుండ్లేమో కనుక్కోమన్నాడట. సాయంత్రమంతా మోగింది, ఆ మర్నాడూ మోగింది. చిత్తూరులో ఇంతమంది వైద్యులున్నారని మాకెవరికీ తెలియదు.

ఓనరు నెత్తి పట్టుకున్నాడు. నేను చెప్పలేదా అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. నీళ్ళ గురించి గొంతు చించుకుని చదివితే, ఒక్కరూ నీళ్ళ మాట ఎత్తలేదు.

అలా అనుకుంటుండగానే ఒకామె మెట్లెక్కి పైకొచ్చింది. నడివయసు మనిషి. చంకలో ఖాళీ బిందె. చెమటతో జాకెట్టు తడిసి ముద్దయింది. టౌను చివర వాళ్ళ వీధికి ట్యాంకర్ రాక వారమైందట. అది వార్తల్లో చెప్పించాలని టెలిఫోను బూత్ నుంచి రెండు రోజులుగా ఫోను చేస్తుంటే ఎంతకూ కలవడం లేదట, ఎప్పుడు చేసినా ఎంగేజేనట. ఆఖరికి నడిచి వచ్చేసింది. ఓనరు సిగ్గుపడ్డాడు. నాకు మాత్రం ఒళ్ళంతా మంటెత్తింది. ఆమె నా ముఖాన్ని చూసింది, తప్పకుండా చూసింది, కానీ దాని గురించి ఏమీ అనలేదు.

"మా వీధి పేరు సరిగ్గా రాసుకోమ్మా. ముందొకసారి తప్పు సదివినారు," అని మాత్రం చెప్పింది.

నేను ఆ వీధి పేరు రాసుకుని కుర్చీలో కూర్చున్నాను. లైటు ఇంకా ఆ మూలనే ఉంది. అన్నీ చదివాను. ఆమె వీధి సంగతి అన్నిటికన్నా ముందు పెట్టి చదివాను. చివర్లో, ఇంతటితో వార్తలు సమాప్తం అనాల్సిన చోట, కాగితాలు బల్ల మీద పెట్టేసి కెమెరా వైపు తిన్నగా చూశాను.

"నా ముఖం మీద ఉన్నవి మొటిమలు. వాటికి డాక్టరు దగ్గర మందు తీసుకుంటున్నాను. తగ్గడానికి నెలలు పడుతుంది. అంతవరకు నేను ఇలాగే వచ్చి ఇలాగే చదువుతాను. దయచేసి వాటికి మందు చెప్పడానికి ఫోను చేయకండి. మీ వీధికి నీళ్ళు రాకపోతే చేయండి. మీ ఫోనుల వల్ల నీళ్ళు లేని మనిషి నడిచి రావాల్సి వచ్చింది."

కెమెరామన్ ఆపడం మరిచిపోయాడు. ఓనరు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. ముఖం ఎర్రబడింది. మళ్ళీ చదివిద్దామా అని గడియారం వైపు చూశాడు. బస్సులు కదిలే వేళ. క్యాసెట్ బయటికి తీసి కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పి, కాపీలకు ఇచ్చేశాడు. నేను గొడుగు తీసుకుని మెట్లు దిగి వచ్చేశాను. రేపు నన్ను రావద్దంటాడనే అనుకున్నాను. అయినా చెప్పినందుకు ఏ మూలా విచారం లేదు.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళడానికి ధైర్యం చాలక, చిత్తూరులోనే క్లాస్‌మేట్ ఇంట్లో ఉండిపోయాను. మా పల్లెలో అందరూ చూసే ఉంటారు. అమ్మ ఏమంటుందోనన్నదే నా భయం. ఆమె నన్ను దాచిపెట్టుకోవాలనుకుంది. నేనేమో ఊళ్ళన్నిటికీ చాటింపు వేసినట్టు చెప్పేశాను.

మరుసటి మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్తే ఓనరు ఫోను దగ్గర కూర్చుని వీధుల పేర్లు రాసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, పోయి కూర్చో, ఈ రోజు చదివేది చాలా ఉందన్నాడు. అంతే. దాని గురించి మా మధ్య ఆ రోజూ మాట రాలేదు, తరువాతా రాలేదు. మొటిమలు నిజంగా తగ్గడానికి ఆ ఏడాది చివరిదాకా పట్టింది. మచ్చలైతే ఇప్పటికీ ఉన్నాయి. అవి ఉండగానే డిగ్రీ అయ్యేదాకా ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం నేను కాగితాలు సర్దుకుంటుండగా ఫోను మళ్ళీ మోగింది. ఓనరు ఎత్తి, ఏ వీధమ్మా అని అడిగి, విని, రిసీవరు నా వైపు చాచాడు. అమ్మ. ఆమె తన చేత్తో ఫోను చేయడం అదే మొదటిసారి. బంగారుపాళ్యంలో ఫోను బూత్‌కు ఒక్కతే వచ్చినట్టుంది. దూరంగా ఉన్న మనిషిని పిలిచినట్టు అరుస్తోంది.

"మాకు నీళ్ళుండాయి. నీళ్ళకు చేయలేదు, ఊరికే చేసినా," అంది.

తిట్టడం ఎప్పుడు మొదలుపెడుతుందా అని ఎదురుచూస్తున్నాను. పొద్దున అత్త మళ్ళీ ట్యూబు తెచ్చిందట. నువ్వే పూసుకో పో అని చెప్పి అమ్మే ఆమెను పంపించేసిందట. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, అందరూ రాత్రి మా ఇంట్లోనే కూర్చుని చూశారట. నాయన రెండు మాటలు చెప్పబోయి చెప్పలేక లేచి వాకిట్లోకి పోయాడట.

"నిన్న నీ మొగం సరిగ్గా కనపడలేదమ్మే. ఆ లైటేందో దూరంగా పెట్టినట్టుండారు. ఇట్ల దగ్గిరికి జరిపించుకో," అంది.

రిసీవరు పెట్టేసి కెమెరామన్‌తో చెప్పాను. అతను లైటు తెచ్చి నా ఎదురుగా పెట్టాడు. ఆ రోజు ఆ వెలుతురులో చదివాను.